తెలుగు క్లాసులోకి ఫోనును ఎలా తెచ్చుకోవాలి

"మేడం, తెలుగు చెప్పడానికి మంచి యాప్ ఏదైనా ఉంటే చెప్పండి" అని కొత్తగా చేరిన టీచర్లు అడుగుతుంటారు. యాప్ సంగతి తర్వాత. ముందు మీ క్లాసులో పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో ఒక తెల్లకాగితం మీద రాసుకోండి. నా కాగితం ఇలా ఉండేది: గట్టిగా చదవమంటే గొంతు పెగలదు. ఒత్తులు ఎగిరిపోతాయి. పద్యాన్ని బట్టీపట్టి ఒక్క ఊపిరిలో ఒప్పజెప్పేస్తారు, ఎక్కడ ఆగాలో తెలియదు. సొంతంగా నాలుగు వాక్యాలు రాయమంటే గైడు వెతుక్కుంటారు. ఇందులో దేనికి ఫోను పనికొస్తుందో దానికే వాడండి. మిగతాదానికి సుద్దముక్క చాలు.

నేను నెల్లూరు జిల్లా మెట్టలో, కలిగిరి, వింజమూరు వైపు ఒక జడ్పీ హైస్కూల్లో తెలుగు చెప్తాను. మా పండిట్ ట్రైనింగ్ రోజుల్లో టెక్నాలజీ అంటే చార్టులు, మహా అయితే టేప్ రికార్డరు. అది కూడా హెడ్మాస్టరు గారి బీరువాలో తాళం వేసి ఉండేది. ఇప్పుడు నాకు తెలిసిందంతా సగం మా లెక్కల మాస్టారు నేర్పింది, సగం తొమ్మిదో తరగతి పిల్లలు నేర్పింది. "అట్టా కాదు మేడం, దాన్ని కాసేపు అదిమి పట్టుకోండి" అని వాళ్ళు చెప్తుంటే నేర్చుకున్నాను. మీరూ పిల్లల్నే అడగండి. టీచరుకే నేర్పుతున్నామన్న హుషారులో ఒక్కో మెట్టూ వరుసగా వివరిస్తారు. మామూలుగా నోరు తెరవని పిల్లవాడి చేత అంతసేపు మాట్లాడించడం మాటలు కాదు.

మొదలుపెట్టాల్సింది వాయిస్ రికార్డరుతో

పీరియడ్ 45 నిమిషాలు, క్లాసులో 40 మంది అనుకోండి. మనం ఒక్క ముక్క చెప్పకుండా కూర్చున్నా ఒక్కొక్కరికి చదివే అవకాశం నిమిషానికి కాస్త పైన, అంతే. అందుకే పిల్లలు పదో తరగతికి వచ్చినా తడుముకుంటూ చదువుతారు. ఈ చిక్కు తీర్చడానికి ఏ కొత్త యాప్ అక్కర్లేదు, వాట్సాప్ వాయిస్ మెసేజ్ చాలు.

ముందు మీ గొంతుతో ఒక పేరా చదివి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టండి. మామూలు కంటే నెమ్మదిగా చదవండి. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌ను ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు వేగం పెంచి వినొచ్చు గానీ, తగ్గించి వినడానికి వీలుండదు. పేరా ఐదారు వాక్యాలు దాటకూడదు. పిల్లలు విని, సాధన చేసి, తమ గొంతుతో చదివి మీకు విడిగా పంపాలి. గ్రూపులో పెట్టించొద్దు, ఒకరి తప్పులకు ఇంకొకరు నవ్వుతారు. ఒక్కటే షరతు పెట్టండి: పంపే ముందు ఎవరిది వాళ్ళు ఒకసారి వినాలి. అసలు మేలంతా అక్కడే జరుగుతుంది. "శాంతి"ని "సాంతి" అన్నది తన చెవికే పడితే మనం చెప్పకముందే ఆ రికార్డు తీసేసి మళ్ళీ చదువుతారు.

అన్నీ రోజూ వినాలని పెట్టుకుంటే రెండో వారానికే విసుగు పుడుతుంది. రోల్ నంబర్ల ప్రకారం రోజుకు ఎనిమిది మందివి వినండి. జవాబు కూడా గొంతుతోనే పంపండి, ఒక్కసారికి ఒక్క లోపమే చెప్పండి. ఐదు చెప్తే ఒకటీ దిద్దుకోరు.

మా ఊళ్ళలో పొగాకు సీజన్ వస్తే ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో పాటు ఆకు కాల్చే బ్యారన్ దగ్గరే ఉంటుంది. రాత్రి ఎప్పుడో ఇంటికొస్తుంది. అందుకే గడువు ఒక రోజని పెట్టకండి, వారం ఇవ్వండి. ఫోను అసలే లేని పిల్లలు మధ్యాహ్నం భోజనం అయ్యాక స్కూల్లో మన ఫోనులో రికార్డు చేస్తారు. వాళ్ళను క్లాసులో పేరు పెట్టి లేపి "మీ ఇంట్లో ఫోను లేదా?" అని అడగడం మాత్రం వద్దు.

ఎనిమిదో తరగతిలో ఒకమ్మాయి క్లాసులో చదవమంటే నేల చూస్తూ నిలబడేది. ఆ అమ్మాయి పంపిన మొదటి రికార్డులో వెనక మేకల అరుపులు, వాళ్ళమ్మ "ఇంకొంచెం గట్టిగా సదువమ్మే" అనడం, ఆ తర్వాత సుమతీ శతకం పద్యం. ఒక్క ఒత్తు కూడా జారలేదు. క్లాసులో ఆమె చదువు గురించి నాకున్న అంచనా ఆ నిమిషంలో మారిపోయింది.

టైపింగ్‌తో ఒత్తులు

తెలుగు టైపింగ్ అంటే చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి తెలుగులోకి మార్చుకోవడమే అనుకుంటారు. పెద్దవాళ్ళకు అది ఫరవాలేదు. పిల్లలకు మాత్రం తెలుగు అక్షరాలున్న కీబోర్డే పెట్టించండి. మొదటి పద్ధతిలో "పద్ధతి" అనే మాటను ఫోనే ఊహించి ముందుకు తోస్తుంది, పిల్లవాడు వేలు పెట్టి ఎంచుకుంటాడంతే. రెండో పద్ధతిలో ఏ అక్షరానికి ఏది ఒత్తో వాడే తేల్చుకోవాలి.

గూగుల్ వాళ్ళ కీబోర్డు జీబోర్డ్ ఉన్న ఫోనులో కీబోర్డు మీదున్న గేరు గుర్తు నొక్కి, లాంగ్వేజెస్‌లోకి వెళ్ళి, యాడ్ కీబోర్డ్ దగ్గర తెలుగు ఎంచుకోండి. అక్కడ తెలుగు అక్షరాల లేఅవుట్ తీసుకోండి. తర్వాత స్పేస్ బార్ అదిమి పట్టుకుంటే భాష మారుతుంది. అదే సెట్టింగుల్లో మాటలు సూచించే సదుపాయాన్ని ఆపేయండి, లేకపోతే పిల్లలు మళ్ళీ దాని మీదే ఆధారపడతారు.

ఇప్పుడు బోర్డు మీద "అమ్మ" రాసి, దీన్ని ఫోనులో ఎలా కొడతారని అడగండి. అ, మ, పొల్లు, మళ్ళీ మ. పొల్లు అంటే అచ్చు తీసేయడమని, తర్వాత వచ్చే హల్లు దాని కిందికి వెళ్తుందని వాళ్ళ వేళ్ళకే తెలుస్తుంది. "క్ష" అనేది క, పొల్లు, ష అని చూసినప్పుడు మా పిల్లలు నోరెళ్ళబెట్టారు. అప్పటిదాకా అదొక విడి అక్షరం అనుకుంటున్నారు. ద్విత్వం, సంయుక్తం అని నిర్వచనాలు వల్లె వేయించే పని సగం తగ్గింది. "పద్ధతి"లో ద, పొల్లు, ధ. "విద్యార్థి"లో ర, పొల్లు, థ. డిక్టేషన్ ఇచ్చి ఇలాంటి పది మాటలు టైపు చేయించండి, తర్వాత అవే నోటుపుస్తకంలో రాయించండి. నోటుపుస్తకం వదలకండి. పరీక్ష పెన్నుతోనే రాయాలి.

ఒక చిన్న చిక్కు వస్తుంది. "బస్"కి "లో" చేర్చి కొడితే ల వెళ్ళి స కింద ఒత్తుగా కూర్చుంటుంది, "బస్లో" అని పడుతుంది. దానికి కంటికి కనిపించని ఒక అక్షరాన్ని మధ్యలో వేసే ఉపాయం ఉంది గానీ, పిల్లలకు అదంతా ఎందుకు? "బస్సులో", "పార్కులో" అని రాయమనండి. తెలుగు అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగుస్తాయి, ఆ చిక్కు దానంతటదే పోతుంది.

వాయిస్ టైపింగ్‌ను ఎంతవరకు నమ్మాలి

కీబోర్డు మీద మైకు గుర్తు నొక్కి మాట్లాడితే తెలుగులో అక్షరాలు పడతాయి. పిల్లలకు ఇది ఇంద్రజాలం లాగా ఉంటుంది. సొంత వాక్యాలు రాయడానికి భయపడే పిల్లల చేత ముందు నోటితో చెప్పించి, పడిన దాన్ని దిద్దించి, ఆ తర్వాత చేత్తో రాయిస్తే వాక్యాలు వస్తాయి. దానికి బాగా పనికొస్తుంది.

ఉచ్చారణ పరీక్షకు మాత్రం వాడకండి. అది విన్నదాన్ని ఉన్నదున్నట్టు రాయదు, ఆ మాట ఏమై ఉంటుందో ఊహిస్తుంది. పిల్లవాడు "బాష" అన్నా అది "భాష" అనే రాయొచ్చు. సరిగ్గా పలికినా మాట కొత్తదైతే తప్పు రాస్తుంది. మా దగ్గర పొగాకు ఆకు కోతను రెలుపు అంటారు. మా పిల్లవాడు "రేపు రెలుపు ఉంది" అంటే ఫోను "రేపు తెలుపు ఉంది" అని రాసింది. క్లాసంతా ఒకటే నవ్వు.

ఆ నవ్వు పట్టుకునే మేం ఇంకో పని మొదలుపెట్టాం. ఇంట్లో అవ్వనో తాతనో అడిగి, ఏదో ఒక పని ఎలా చేస్తారో రెండు నిమిషాలు చెప్పించి రికార్డు చేసుకురావాలి. బ్యారన్‌లో ఆకు కాల్చడం, నిమ్మకాయ ఊరగాయ పెట్టడం, ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కడం, ఏదైనా సరే. దాన్ని ఆపి ఆపి వింటూ విన్నది విన్నట్టు నోటుపుస్తకంలో ఎడమవైపు రాయాలి. కుడివైపు అదే సంగతిని పుస్తకాల తెలుగులో రాయాలి. ఎడమవైపు "యాడికి పోతుండావు", కుడివైపు "ఎక్కడికి వెళ్తున్నావు". రెండూ తెలుగే, ఏది ఎక్కడ వాడాలో తెలిస్తే చాలు. గైడులో దొరకని వ్యాసం కావాలంటే ఇంతకన్నా మంచి దారి లేదు. ఒక జాగ్రత్త: రికార్డు చేస్తున్నామని పెద్దవాళ్ళకు ముందే చెప్పమనండి. ఆ గొంతులు, పిల్లల గొంతులు, ఫొటోలు స్టేటస్‌లో పెట్టొద్దు, మనం కూడా.

ప్యానెల్ ఉంటే

ప్యానెల్ అంటే క్లాసు గోడకుండే పెద్ద టచ్ స్క్రీను. వీడియో పెట్టి పక్కన కూర్చోవడానికైతే అది ఎందుకు? నాకు అది పెద్ద పుస్తకంగా పనికొస్తుంది. పాఠ్యపుస్తకం పీడీఎఫ్ తెరిచి, పేజీని పెద్దది చేసి, పద్యం మీదే గీతలు గీస్తూ అన్వయం చెప్తాను. కొత్త మాట వస్తే ఆంధ్రభారతి సైటులో నిఘంటు శోధన తెరుస్తాం. బ్రౌన్ నిఘంటువు, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు లాంటివన్నీ ఒకే చోట వెతుకుతుంది. బ్రౌన్ తెలుగు ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయిందంటే పిల్లలు దాన్ని ఫోనులో చూసి నమ్మరు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను దీక్షా యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించినవి వస్తాయి. అందులో కొన్ని బాగుంటాయి, కొన్ని నిద్ర తెప్పిస్తాయి. క్లాసులో పెట్టే ముందు మీరు చూసుకోండి. మా వైపు సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోలేం, ముందురోజే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి. కరెంటు పోతే బ్లూటూత్ స్పీకరు ఒకటి ఉంటే ఆడియోతో పీరియడ్ గడుస్తుంది. 40 మందికి ఫోను స్పీకరు వినపడదు.

ఛందస్సుకు "ఛందం" అనే సాఫ్ట్‌వేర్ ఉంది. పద్యం టైపు చేసి ఇస్తే గురులఘువులు, గణాలు విడదీసి చూపిస్తుంది. పిల్లలు ముందు పెన్సిల్‌తో గుర్తులు వేశాకే దాన్ని తెరవనివ్వండి.

ఇక ఏఐ. పిల్లలు దాంతో వ్యాసాలు రాయించుకుని వస్తున్నారు, వద్దంటే ఆగరు. నేను దాన్ని ప్యానెల్ మీదికే తెచ్చాను. "విరాటపర్వంలో తిక్కన రాసిన ఉత్పలమాల ఒకటి ఇవ్వు" అని అడిగించాను. క్షణంలో నాలుగు పాదాలు ఇచ్చింది, కింద గంభీరంగా తాత్పర్యం కూడా. తిక్కన మా నెల్లూరు వాడన్న అభిమానంతో పిల్లలు చప్పట్లు కొట్టబోయారు. ఆగండ్రా, ముందు లెక్క చూడండి అన్నాను. ఉత్పలమాలకు గణాలు భ ర న భ భ ర వ, పదో అక్షరం దగ్గర యతి, ప్రతి పాదంలో రెండో అక్షరం ప్రాస. మొదటి పాదంలోనే గణాలు తప్పాయి, ప్రాస రెండో పాదంలో పోయింది. ఛందంలో వేస్తే అదీ అదే చెప్పింది. పాత పుస్తకాలుండే వికీసోర్సు సైటులో విరాటపర్వం తెరిచి వెతికితే ఆ పద్యమే లేదు. "మేడం, తిక్కన గారి పేరు పెట్టి సొంత కవిత్వం రాసేసుండాది!" అని వెనక బెంచీ నుంచి ఒకడు. గణవిభజన అంతకుముందు ఎన్నిసార్లు చెప్పినా అంత శ్రద్ధగా చేసిన క్లాసు లేదు. మీరు కూడా ఏదైనా పద్యం అడిగించి చూడండి. సరైన పద్యమే వస్తే సరి, దాన్నే పాఠంగా చెప్పుకోవచ్చు.

ప్రశ్నపత్రాల విషయం

పాత ప్రశ్నపత్రాలు చాలావరకు "అను" అనే పేరున్న పాత ఫాంట్లలో ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలే. ఇంగ్లీషు అక్షరాల చోట్లలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టిన పద్ధతి అది. యూనికోడ్‌లో అయితే ప్రతి తెలుగు అక్షరానికి సొంత సంఖ్య ఉంటుంది, "క" సంఖ్య 3093. ఏ ఫోనులో తెరిచినా క కనిపిస్తుంది. ఇకమీదట చేసేవన్నీ యూనికోడ్‌లోనే చేయండి. వర్క్‌షీట్లకు మండలి ఫాంటు బాగుంటుంది, ఉచితంగా దొరుకుతుంది. ఆరో తరగతికి 16 సైజు కంటే తగ్గించకండి, ఒత్తులు కనపడాలి.

అచ్చులో ఉన్న పేజీ కావాలంటే ఫొటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, కంప్యూటర్లో గూగుల్ డాక్స్‌తో తెరవండి, అక్షరాలుగా మారుతుంది. పాత పుస్తకాలైతే అరసున్నలు, బండి ఱ దగ్గర తప్పులు ఎక్కువ వస్తాయి. ఒకసారి మూలంతో పోల్చి చదవందే జిరాక్సుకు పంపొద్దు.

ఇక వాట్సాప్ గ్రూపు సెట్టింగుల్లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపేలా పెట్టుకోండి. లేదంటే గుడ్ మార్నింగ్ పూల మధ్య మన పద్యం ఎక్కడుందో వెతుక్కోవాలి. నెలాఖరుకు రికార్డులతో ఫోను నిండిపోతుంది. ప్రతి పిల్లవాడిదీ జూన్‌లో పంపిన మొదటిది మాత్రం దాచి, మిగతావి తీసేయండి. ఫిబ్రవరిలో ఆ పాతదాన్ని వాళ్ళకే వినిపించాలి.