తెర మీద ఏది ఎక్కడుందో చూపులేనివారికి ఎలా చెప్పాలి?

స్క్రీన్ రీడర్ తెరను దండలో పూసల్లా ఒకదాని తర్వాత ఒకటి చదువుతుంది. చూపున్నవాళ్లేమో "పైన కుడి మూల నొక్కు", "ఎడమ పక్క కాలమ్ చూడు" అంటారు. ఆ మాట అర్థం కాకపోతే కంప్యూటర్ బాగా వచ్చినవారు కూడా నలుగురితో కలిసి పనిచేసేటప్పుడు ఆగిపోతారు. విండోస్ 11 లాప్‌టాప్, ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ దగ్గర పెట్టుకుని ఇలా నేర్పండి.

1. అట్ట మీద తెర తయారు చేయండి

తెర వెడల్పు, ఎత్తు 16:9 నిష్పత్తిలో ఉంటే అట్ట మీద 25.6 × 14.4 సెంటీమీటర్ల చట్రం గీయండి. ఏ4 సైజులో సరిపోతుంది, చుట్టూ అంచు కూడా మిగులుతుంది. గీత మీద పురికొసను జిగురుతో అంటించండి. లోపల సన్నటి దారంతో రెండు నిలువు గీతలు, రెండు అడ్డగీతలు వేస్తే తొమ్మిది గళ్లు వస్తాయి. టాస్క్‌బార్ కోసం అడుగున ముప్పావు సెంటీమీటరు వెడల్పు గరుకు కాగితం అతికించండి. బటన్లకు రాళ్ల బొట్టుబిళ్లలు వాడండి. మామూలు బిళ్లలు పలచన, వేలికి తెలియవు. రెండు గుర్తుల మధ్య కనీసం అర సెంటీమీటరు ఉండాలి, లేకపోతే రెండూ ఒకటిగానే తగులుతాయి. ఒక అట్ట మీద ఐదారు గుర్తులు చాలు.

వారి చేయి పట్టుకుని లాగకండి. ముందు అడిగి, మీ చేతిని వారి చేతి కింద ఉంచి దారి చూపండి. ఎప్పుడు వదిలేయాలో వారి ఇష్టం.

2. గళ్లకు అంకెలు పెట్టండి

భోజనం పళ్లెంలో ఏది ఎక్కడుందో గడియారం ముల్లుతో చెప్పడం చాలామందికి అలవాటే. నలుచదరపు తెరకు అది కుదరదు, మూలలు ఎటూ కాకుండా పోతాయి. కీబోర్డులో కుడివైపు ఉండే అంకెల పలకను వాడండి: 7 పై ఎడమ, 9 పై కుడి, 1 కింది ఎడమ, 3 కింది కుడి. 5 మీద చిన్న గుబ్బ ఉంటుంది, అదే తెర నడిమి గడి. ఒక జాగ్రత్త: ఫోన్ డయల్ పలకలో 1, 2, 3 పైన ఉంటాయి. రెండూ కలిపితే పై కింద తారుమారవుతాయి. ఒక్కటే ఎంచుకుని, మీరూ చివరిదాకా దానికే కట్టుబడండి.

ఇప్పుడు విండోను పూర్తి తెరకు పెంచండి (విండోస్ కీ + పై బాణం). మూసే బటన్ 9 గడి చివరి మూల, సమయం 3లో, డెస్క్‌టాప్ ఐకాన్లు సాధారణంగా 7, 4, 1 గళ్ల ఎడమ అంచున. స్టార్ట్ బటన్‌తో మాత్రం చిక్కుంది. విండోస్ 11లో టాస్క్‌బార్ ఐకాన్లన్నీ నడిమికి చేరి ఉంటాయి, కొత్త యాప్ తెరిచిన కొద్దీ స్టార్ట్ ఎడమకు జరుగుతుంది. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, టాస్క్‌బార్‌కు వెళ్లి అలైన్‌మెంట్‌ను ఎడమకు మార్చండి. స్టార్ట్ 1 గడి మూలలో నిలబడిపోతుంది.

3. చెవితో సరిచూడండి

ఎన్‌వీడీఏ సెట్టింగ్స్‌లోని మౌస్ విభాగంలో, మౌస్ కదిలినప్పుడు ఆడియో కోఆర్డినేట్లు వినిపించే ఎంపికను ఆన్ చేయండి. బాణం గుర్తు పైకి పోతే శబ్దం సన్నబడుతుంది, కిందికి వస్తే బొంగురవుతుంది. ఎడమకు పోతే ఎడమ చెవిలో, కుడికి పోతే కుడి చెవిలో వినిపిస్తుంది. హెడ్‌ఫోన్ తప్పనిసరి. రెండు చెవుల్లోనూ ఒకేలా వినిపిస్తే విండోస్‌లో మోనో ఆడియో ఆన్‌లో ఉందేమో చూడండి.

విండోస్ కీ + డి నొక్కి, హోమ్ కీతో మొదటి ఐకాన్‌కు వెళ్లమనండి. ఎన్‌వీడీఏ సెట్టింగ్స్‌లో కీబోర్డును లాప్‌టాప్ లేఅవుట్‌లో ఉంచి ఎన్‌వీడీఏ కీ (మామూలుగా ఇన్సర్ట్) + షిఫ్ట్ + ఎం నొక్కితే మౌస్ అక్కడికే వస్తుంది: ఎడమ చెవిలో సన్నటి కూత. తర్వాత విండోస్ కీ + బి (టాస్క్‌బార్‌లో సమయం ఉండే చివరకు తీసుకెళ్తుంది), మళ్లీ అదే ఆజ్ఞ: కుడి చెవిలో బొంగురు. రెండుసార్లూ వారి వేలు అట్ట మీద ఆ చోటే ఉండాలి. కొలత కావాలంటే ఎన్‌వీడీఏ కీ + షిఫ్ట్ + డిలీట్ నొక్కండి. ఎడమ అంచు నుంచి, పై అంచు నుంచి ఎంత శాతం దూరమో చెబుతుంది.

ఇక్కడ ఎక్కువమంది తడబడేది టచ్‌ప్యాడ్ దగ్గర. ఫోన్‌లో టాక్‌బ్యాక్ (ఆండ్రాయిడ్ స్క్రీన్ రీడర్) వాడేవారికి వేలు పెట్టిన చోటే ఆ వస్తువు ఉంటుంది. టచ్‌ప్యాడ్ అలా కాదు, దాని మూల తాకితే బాణం తెర మూలకు పోదు, ఉన్నచోటి నుంచే కదులుతుంది. ఈ తేడా ముందే చెప్పండి.

4. ఒకదాని మీద ఒకటి, కిందికి జరిగేది

పుట్టుకతో చూపులేనివారికి గదిలో వస్తువుల అమరిక బాగా తెలుసు. విండోలు ఒకదాన్నొకటి కప్పేయడమే కొత్త. మూడు కాగితాలు దొంతిగా పెట్టి అడుగుదాన్ని లాగి పైన వేయించండి, ఆల్ట్ + ట్యాబ్ చేసే పని అదే. దాని మీద చిన్న కార్డు పెడితే డైలాగ్ బాక్స్. చాలా డైలాగ్‌లు మూసేదాకా కింది కాగితాన్ని ముట్టనివ్వవు.

స్క్రోలింగ్‌కు మరో అట్టలో చట్రమంత కిటికీ కోసి, వెనక పొడవాటి కాగితం జరపండి. పేజీలో కిందికి పోతుంటే కాగితం పైకి జరగడం వేళ్లకే తెలుస్తుంది. అందుకే కదలని వాటికే గడి అంకె చెప్పండి. పేజీలోని వాటికి వరుస చెప్పండి: "మూడో హెడ్డింగ్ కింద రెండో లింకు". వెబ్‌పేజీలో పక్కపక్కనే ఉన్న లింకులు విడివిడి వరుసల్లో వినిపిస్తుంటే ఎన్‌వీడీఏ కీ + వి నొక్కి స్క్రీన్ లేఅవుట్ ఆన్ చేయండి. తెర మీద ఉన్నట్టే ఒకే వరుసలో వస్తాయి.

5. చోటుతో పాటు పేరు

"అక్కడ పళ్లచక్రం బొమ్మ నొక్కండి" అంటే దొరకదు, స్క్రీన్ రీడర్ దాన్ని "సెట్టింగ్స్" అని చదువుతుంది కాబట్టి. మీ దగ్గరా ఎన్‌వీడీఏ పెట్టుకుని అది పలికే పేరే వాడండి. ముందు గడి, తర్వాత పేరు, చివర కీ: "9వ గడి మూలలో క్లోజ్ బటన్, ఆల్ట్ + ఎఫ్4".

చివరగా అట్ట మీది గుర్తులన్నీ తీసేసి, వారినే మళ్లీ పెట్టమనండి. ఎక్కడ ఆలోచిస్తూ ఆగారో, మరుసటి రోజు అక్కడి నుంచే మొదలుపెట్టండి.