‘లుక్’ తోక పట్టుకోండి

మా తెనాలిలో సాయంత్రం పూట మేడ మీద గదిలో స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతుంటాను. మొన్న ఒక కుర్రాణ్ణి ఇంటర్వ్యూ కోసం సాధన చేయిస్తూ, ఇప్పుడేం చేస్తున్నావని అడిగాను. ‘ఐ యామ్ లుకింగ్ మై ఫాదర్స్ షాప్’ అన్నాడు. ‘నాన్న కొట్టు చూసుకుంటున్నాను’ అని వాడి ఉద్దేశం. వినేవాళ్లకు మాత్రం రోడ్డుకు అవతల నిలబడి కొట్టు వంక చూస్తున్నట్టుంటుంది. ‘ఆఫ్టర్’ అనే తోక తగిలిస్తే సరిపోయేది.

ముందుగా నోటుబుక్కులో ఇంట్లో మాట్లాడే ‘చూడు’లన్నీ రాయండి. ఉప్పు చూడు, పిల్లాణ్ణి కాస్త చూస్తుండు, సంబంధాలు చూస్తున్నాం, నన్ను చిన్నచూపు చూశారు... ఇలా. తర్వాత ఒక్కోదాన్నీ, అక్కడ జరిగే పనేమిటని అడగండి. కళ్లు అటు తిప్పడమైతే ‘లుక్ ఎట్’. బాగోగులైతే ‘లుక్ ఆఫ్టర్’. వెతుకులాటైతే ‘లుక్ ఫర్’. కొట్టు చూసుకోవడానికి ‘ఆఫ్టర్’, ఉద్యోగం చూసుకోవడానికి ‘ఫర్’. తెలుగులో మాట ఒకటే కదా అని చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఫిర్యాదు మీద విచారణ చేస్తే ‘లుక్ ఇంటూ’, నిఘంటువులో అర్థం వెతికితే ‘లుక్ అప్’. చిన్నచూపుకి ‘లుక్ డౌన్ ఆన్’ దాదాపు అతికినట్టు సరిపోతుంది. ఉప్పు చూడటానికి మాత్రం లుక్ పనికిరాదు, అది ‘టేస్ట్’.

‘ఎట్’ని మింగేయకండి. బోర్డు చూడాలంటే ‘లుక్ ఎట్ ద బోర్డ్’. మరి 1990ల మొదట్లో పీవీ నరసింహారావు ప్రభుత్వం ఆగ్నేయాసియా దేశాలతో సంబంధాలు పెంచుకోవడానికి తెచ్చిన విధానాన్ని ‘లుక్ ఈస్ట్’ అన్నారేం అని ఒకమ్మాయి నిలదీసింది. మంచి ప్రశ్నే. అక్కడ ఈస్ట్ అంటే తూర్పు వైపు అని. దిక్కు చెప్పేటప్పుడు ‘ఎట్’ అక్కర్లేదు. 2014లో దాని పేరు ‘యాక్ట్ ఈస్ట్’గా మారింది, అది వేరే సంగతి.

ఎదురుచూపుల్లోనూ తేడా ఉంది. బస్సు కోసమైతే ‘వెయిట్’. సంక్రాంతికి అక్క వస్తుందని సంబరంగా చూసేదైతే ‘లుక్ ఫార్వర్డ్ టు’. దాని వెనక ‘మీట్’ కాదు, ‘మీటింగ్’ రావాలి.

‘యూ లుక్ టైర్డ్’ అంటే నువ్వు దేన్నో చూస్తున్నావని కాదు, అలసిపోయినట్టు కనిపిస్తున్నావని. ‘ఇట్ లుక్స్ లైక్ రెయిన్’ అంటే వాన వచ్చేలా ఉందని.

అసలు ప్రమాదం తోక ముందుకొచ్చినప్పుడు. ‘లుక్ ఓవర్’ అంటే ఓసారి చదివి చూడటం. ‘ఓవర్‌లుక్’ అంటే చూడకుండా వదిలేయడం. హోటల్ వాళ్లు ‘ఓవర్‌లుకింగ్ ద సీ’ అన్నారంటే మాత్రం ఆ గదిలోంచి సముద్రం కనిపిస్తుందని. అద్దె కూడా ఎక్కువే ఉంటుంది. పోయిన వారం ఆ ‘లుక్ ఈస్ట్’ అమ్మాయే, పంపేముందు ఓ లుక్కేయండి మేడమ్ అంటూ ఉద్యోగం దరఖాస్తు తెచ్చింది. చివరి వాక్యం ‘ప్లీజ్ ఓవర్‌లుక్ మై అప్లికేషన్’. ఎర్ర పెన్ను తీసి, ‘ఓవర్’ని ‘లుక్’ వెనక్కి జరిపాను.