బొంతకు గుడ్డలు ఏరడం: రంగు కన్నా ముందు ముదురు, లేత చూడండి

సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో నాలుగు దుకాణాలు తిరిగి తొమ్మిది రకాల గుడ్డలు ఏరి తెస్తారు. విడిగా చూస్తే ఒక్కొక్కటీ ముచ్చటగా ఉంటుంది. కోసి, అతికి, పరిచాక మాత్రం ఏ డిజైనూ తేలకుండా బొంతంతా ఒకే ముద్దలా కనిపిస్తుంది. రంగులు నప్పలేదని చాలామంది అనుకుంటారు కానీ, అక్కడ రంగుల తప్పు తక్కువ. తెచ్చిన గుడ్డలన్నీ ఒకే స్థాయిలో, అటు ముదురూ ఇటు లేతా కాకుండా ఉండటమే అసలు లోపం. చుడీదార్లకు, కుర్తీలకు అమ్మే ప్రింట్లలో ఎక్కువభాగం ఈ మధ్యరకమే కాబట్టి, చూడకుండా ఏరితే అవే చేతికి వస్తాయి.

దీన్ని కొనకముందే పట్టుకోవచ్చు. గుడ్డలను మెట్లలా ఒకదాని మీద ఒకటి, నాలుగు వేళ్ల వెడల్పు కనిపించేలా పరిచి ఫోన్‌తో ఫొటో తీయండి. ఆ ఫొటోని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. ఎర్ర గుడ్డ, ఆకుపచ్చ గుడ్డ కంటికి ఆమడ దూరంలో ఉన్నట్టు అనిపించినా ఫొటోలో రెండూ ఒకే బూడిద రంగులోకి వస్తే, బొంతలో పక్కపక్కన పెట్టినప్పుడు వాటి మధ్య గీత దూరం నుంచి కనబడదు. తొమ్మిది గుడ్డలుంటే మూడు బాగా ముదురువి, నాలుగు మధ్యరకం, రెండు లేతవి ఉండేలా చూసుకోండి. లేత గుడ్డ కంటిని ముందుగా లాగుతుంది కాబట్టి రెండే సరిపోతాయి. పుట్టపాకలో నేసే తేలియా రుమాలు అనే ఇక్కత్ గుడ్డల్లో సంప్రదాయంగా ఎరుపు, నలుపు, తెలుపు మూడే రంగులు. ముదురు, లేత తేడా గట్టిగా ఉంది కాబట్టే అంత చిక్కటి డిజైను కూడా గది అవతలి నుంచి స్పష్టంగా తెలుస్తుంది.

మొదటి గుడ్డ

ప్లెయిన్ గుడ్డలతో మొదలుపెట్టకండి. మూడు నాలుగు రంగులు కలిసి ఉన్న ప్రింటు గుడ్డ ఒకటి ముందు ఎంచుకుంటే మిగతావన్నీ దానిలోంచి తీసుకోవచ్చు. ఉదాహరణకు పెడన కలంకారీ అనుకుందాం. మీగడ రంగు నేల మీద మంజిష్ఠ ఎరుపు పూలు, నీలిమందు నీలం ఆకులు, ఆవపిండి పసుపు మొగ్గలు, నల్లటి గీతలు ఉన్నాయి. ఈ గుడ్డని చేతిలో పట్టుకుని మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్లండి. ప్లెయిన్ కాటన్ అన్ని ఛాయల్లో ఒకేచోట దొరికేది అక్కడే.

అయితే మ్యాచింగ్ సెంటర్‌లో మనందరికీ ఉన్న అలవాటు ఒకటి బొంతకు అడ్డొస్తుంది. చీర అంచుకి జాకెట్టు గుడ్డ అచ్చంగా కలవాలని చూసే కన్ను మనది. కలంకారీలోని ఎరుపుకి అచ్చంగా అదే ఎరుపు తెస్తే రెండూ కలిసిపోయి పువ్వు మాయమవుతుంది. అదే కుటుంబంలో ఒక మెట్టు పైకో, కిందికో వెళ్లాలి. ఎరుపుకి బదులు ముదురు మెరూన్, నీలానికి బదులు ఇంకా చిక్కటి నేవీ, పసుపుకి బదులు లేత నిమ్మపండు రంగు అడగండి. తెల్లగుడ్డ విషయంలో మరింత జాగ్రత్త కావాలి. కలంకారీ మీగడ నేల పక్కన పాలనురుగులాంటి తెలుపు పెడితే ఆ కలంకారీ మాసిపోయినట్టు కనిపిస్తుంది. అక్కడ ఉతకని కోరా రంగే నప్పుతుంది. చలువ తెలుపు వాడాలనుకుంటే దాని పక్కన నీలాలు, బూడిదలు ఉండాలి.

దుకాణం లోపలి దీపాల కింద నిర్ణయం తీసుకోకండి. ట్యూబులైటు వెలుతురులో నేవీ నలుపులా, మెరూన్ గోధుమలా మోసం చేస్తాయి. తానుని గుమ్మం దాకా తీసుకొచ్చి ఎండపొడ తగలని నీడలో చూడండి. జనరల్ బజార్ అయినా, సుల్తాన్ బజార్ అయినా గుమ్మం దగ్గర చూస్తానంటే కాదనే దుకాణదారు అరుదు. సాయంత్రం దీపాలు వెలిగాక కాకుండా పగటిపూట వెళ్లడం మేలు.

రంగులన్నీ హోరెత్తకుండా మధ్యలో విరామం కావాలి. బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు వరుస మీద బంతి, దాని మీద గునుగు అని వరుసలు మారుస్తారు కదా. రంగు అద్దని తెల్ల గునుగు వరుస వచ్చినచోట కింది పసుపు, పైన ఎరుపు రెండూ ఇంకా వెలుగుతాయి. బొంతలో ఆ పని కోరా, లేత బూడిద, లేత గంధం రంగు ప్లెయిన్ గుడ్డలు చేస్తాయి. మొత్తం గళ్లలో, అంటే అతికే చదరపు ముక్కల్లో, నాలుగో వంతైనా ప్లెయిన్ లేకపోతే ప్రింట్లు ఒకదాన్నొకటి మింగేస్తాయి.

ప్రింటు పరిమాణం కూడా కలపాలి. పెద్ద పూలది ఒకటి, మధ్యస్థంగా రెండు మూడు, మిరియపు గింజంత చుక్కలవి రెండు. పెద్ద పువ్వు గుడ్డ తానులో చూస్తే ఒకలా, తొమ్మిది అంగుళాల గడిలో మరోలా ఉంటుంది. ఒక అట్టలో 9 అంగుళాల చదరపు కిటికీ కోసి గుడ్డ మీద అటూ ఇటూ జరిపి చూడండి. కిటికీలో సగం పువ్వు, ఖాళీ నేల మాత్రమే వస్తుంటే ఆ గుడ్డ గళ్లకు కాదు, బార్డరుకు పనికొస్తుంది. పోచంపల్లి ఇక్కత్‌లో పెద్ద డైమండు ఉంటే దాన్ని గడి మధ్యలోకి తేవడానికి చుట్టూ గుడ్డ వృథా అవుతుంది. అలాంటిదానికి లెక్క కన్నా సగం ఎక్కువ తీసుకోండి.

బీరువాలోని జాకెట్ ముక్కలు

పేరంటాల్లో, పెళ్లిళ్లలో బొట్టు పెట్టి ఇచ్చిన జాకెట్ ముక్కలు ప్రతి ఇంటి బీరువాలోనూ దొంతరగా ఉంటాయి. బొంతకు అవి బంగారమే, కానీ అన్నీ కాదు. వాటిలో పాలిస్టరు కలిసినవి చాలా ఉంటాయి. అంచు నుంచి నాలుగు పోగులు లాగి, స్టీలు ప్లేటు మీద పట్టకారుతో పట్టుకుని నిప్పంటించండి. కాగితం కాలిన వాసన వచ్చి, మెత్తటి బూడిద మిగిలితే నూలు. కరిగి ముడుచుకుని, చల్లారాక గట్టి పూసలా తయారైతే పాలిస్టరు. బూడిద, పూస రెండూ ఉంటే మిక్స్. నిలువు పోగు ఒక రకం, అడ్డ పోగు మరో రకం ఉండే గుడ్డలు ఉంటాయి కాబట్టి రెండువైపుల పోగులూ కాల్చి చూడాలి. దుకాణంలో "ప్యూర్ కాటనే" అని చెప్పినదానికీ ఈ పరీక్ష చేయండి.

మిక్స్ ఎందుకు వద్దంటే, ఉతికినప్పుడు నూలు ముడుచుకుంటుంది, పాలిస్టరు ముడుచుకోదు. రెండూ పక్కపక్కన కుడితే ఒక గడి బిగుసుకుని, పక్క గడి బుడగలా లేస్తుంది. ఇస్త్రీతో అది సర్దుకోదు. పైగా కాటన్‌కు కావలసిన వేడికి పాలిస్టరు పెట్టెకు అంటుకుంటుంది.

నూలులోనూ బరువులు వేరు. మల్‌మల్ పక్కన మందపాటి ఖాదీ పెడితే అతుకు దగ్గర ఖాదీ బరువుకు మల్‌మల్ చిరుగుతుంది. టూ బై టూ, కాంబ్రిక్, పాప్లిన్, కలంకారీ నూలు గుడ్డ దాదాపు ఒకే బరువులో ఉంటాయి, కలిపి వాడొచ్చు. చేనేత ఇక్కత్ నేత కాస్త వదులుగా ఉంటే కోసిన అంచుల్లో పోగులు ఊడుతాయి. దానికి కుట్టుకు అవతల మామూలుగా వదిలే పావు అంగుళం మార్జిన్ చాలదు, అర అంగుళం వదలండి. జార్జెట్, షిఫాన్ జారిపోతాయి. పాత పట్టుచీర మడతల దగ్గర పీలికలవుతుంది, జరీ ఒంటికి గీసుకుంటుంది. అమ్మమ్మ పట్టుచీరను దాచుకోవాలని ఉంటే కప్పుకునే బొంతలో కాకుండా గోడకు వేలాడదీసేదానిలో వాడండి.

పాత కాటన్ చీరలకు మాత్రం సాటి లేదు. ఎన్నో ఉతుకుల తర్వాత అవి ముడుచుకోవలసినంత ముడుచుకుని, వదలవలసిన రంగంతా వదిలేసి ఉంటాయి. కిటికీకి ఎదురుగా పట్టి చూసి, వెలుతురు జల్లెడలా కనిపించిన చోట్లను కోసి పారేయండి. సాధారణంగా కూర్చునే చోట, కుచ్చిళ్ల అడుగున అరిగి ఉంటుంది.

రంగు తక్కువైందనిపిస్తే గుడ్డను తిప్పి చూడటం మరవకండి. అచ్చు గుడ్డకు వెనకవైపు ఒక ఛాయ లేతగా ఉంటుంది, అదే మీకు కావలసిన లేత గుడ్డ కావచ్చు. ఇక్కత్‌లో ఇది కుదరదు. నేయకముందే పోగుకు రంగు వేస్తారు కాబట్టి రెండువైపులా ఒకేలా ఉంటుంది.

రంగు దిగుతుందా, ముడుచుకుంటుందా

ప్రతి కొత్త గుడ్డ నుంచి రెండంగుళాల ముక్క కోసి, తెల్లటి గిన్నెలో వేడినీళ్లు, రెండు చుక్కల సబ్బు ద్రావణం వేసి అరగంట నానబెట్టండి. తరువాత తడిముక్కను తెల్ల గుడ్డ మీద పెట్టి ఇస్త్రీ చేయండి. నీళ్లకు కాస్త రంగు వచ్చినా తెల్ల గుడ్డకు అంటకపోతే పరవాలేదు. అంటితే ఆ గుడ్డను విడిగా మూడు నాలుగుసార్లు ఉతికి మళ్లీ పరీక్షించండి. అప్పటికీ అంటుతుంటే లేత గుడ్డలున్న బొంతలో దానికి చోటు లేదు. ఎర్రటి ప్లెయిన్లు, ముదురు నీలాలు ఎక్కువగా ఇబ్బంది పెడతాయి. నీలిమందు గుడ్డను తడిపిన తెల్ల గుడ్డతో రుద్ది కూడా చూడాలి. ఆ రంగు పోగు పైపైన ఉంటుంది కాబట్టి నీటిలో దిగకపోయినా రాపిడికి అంటుతుంది. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని చాలా ఇళ్లలో నమ్మకం. అద్దకం వేసేటప్పుడు ఉప్పు రంగును పోగులోకి ఎక్కించడానికి సాయపడుతుంది. అద్దకం అయిపోయిన గుడ్డలో వదులుగా మిగిలిన రంగును అది పట్టి ఉంచలేదు. ఉతికి వదిలించడమే మార్గం.

ఎంత ముడుచుకుంటుందో లెక్క తెలియడానికి, గుడ్డ మీద 10 అంగుళాల చదరం పెన్నుతో గీసి, ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి కొలవండి. 9¾ వస్తే రెండున్నర శాతం, 9½ వస్తే అయిదు శాతం. ఏదెంత ముడుచుకున్నా, కోయకముందే అన్ని గుడ్డలనూ ఉతికి గంజి వదిలించేయాలి. కొత్త గుడ్డకు మిల్లు గంజి ఉండటం వల్ల పల్చటిది కూడా దిట్టంగా అనిపిస్తుంది, అసలు ఒళ్లు ఉతికాకే తెలుస్తుంది.

ఎంత కొనాలి

ఒక మనిషికి సరిపోయే 60 × 87 అంగుళాల బొంత లెక్క ఇది. కుట్టాక 9 అంగుళాలు వచ్చే గళ్లు అడ్డంగా 6, నిలువుగా 9, మొత్తం 54. చుట్టూ 3 అంగుళాల బార్డరు. పావు అంగుళం మార్జిన్‌తో ఒక్కో గడిని 9½ అంగుళాలకు కోయాలి. తొమ్మిది గుడ్డలైతే ఒక్కోదాని నుంచి ఆరు గళ్లు. 44 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు)లో వరుసకు నాలుగు, 36 పన్నాలో మూడు వస్తాయి. రెండింటికీ రెండు వరుసలు, అంటే 19 అంగుళాల పొడవు కావాలి. అర మీటరంటే 19.7 అంగుళాలు కాబట్టి చాలుతుందనిపిస్తుంది. కానీ గుడ్డ అయిదు శాతం ముడుచుకుంటే 18.7కి పడిపోతుంది, దుకాణంలో కత్తెర వంకరగా పోతే ఇంకా తక్కువ. అందుకే 60 సెంటీమీటర్లు అడగండి. అర అంగుళం మార్జిన్ కావలసిన ఇక్కత్ అయితే గడిని 10 అంగుళాలకు కోయాలి, దానికి 70 సెంటీమీటర్లు, అదీ 44 పన్నాలో తీసుకోండి. బార్డరుకు 75 సెంటీమీటర్లు, చివర అంచు మడిచి కుట్టే పట్టీకి 60 చాలు.

అడుగు పొర నాలుగువైపులా రెండేసి అంగుళాలు ఎక్కువగా 64 × 91 ఉండాలి. కొత్త గుడ్డయితే 44 పన్నాలో 5 మీటర్లు కొని రెండుగా కోసి పక్కపక్కన అతకాలి. అయిదున్నర మీటర్ల కాటన్ చీర ఒకటి సగానికి కోసి అతికినా సరిపోతుంది, 108 అంగుళాల పొడవు వస్తుంది.

హైదరాబాద్ చలికి దూది బొంత బరువెక్కువ. లోపల రెండు పొరల పాత కాటన్ చీర వేస్తే డిసెంబరు, జనవరి రాత్రులకు సరిపోతుంది, వాషింగ్ మెషీన్‌లోనూ పడుతుంది. కానీ లోపలికి వెళ్లే చీర కదా, ఏ రంగైతేనేం అనుకోకండి. మీగడ రంగు గడి కింద మెరూన్ చీర ఉంటే గడి గులాబీ రంగులోకి మారినట్టు కనిపిస్తుంది, చీర అంచు గీత కూడా పైకి తెలుస్తుంది. లోపలికి లేత చీరలే వాడండి, అంచులు కోసేయండి. అతుకు దగ్గర మిగిలే మార్జిన్‌ను ఎప్పుడూ ముదురు గడి వైపుకే మడిచి ఇస్త్రీ చేయడం కూడా ఇందుకే.

గళ్లు అతకడానికి లేత బూడిద దారం అన్ని రంగుల్లోనూ కలిసిపోతుంది, ప్రతి గుడ్డకూ రీలు మార్చనక్కర్లేదు. పైకి కనిపించే చేతికుట్టుకు మాత్రం రంగు ఆలోచించి ఎంచుకోండి. ముదురు గడి మీద తెల్ల దారం వేస్తే ప్రతి కుట్టూ కనిపిస్తుంది, వంకరలూ కనిపిస్తాయి.

అతకడానికి ముందు 54 గళ్లనూ నేల మీద పరిచి, స్టూలు ఎక్కి పైనుంచి చూడండి. ఒకే గుడ్డ రెండు గళ్లు పక్కపక్కనా, మూలకు మూలా తగలకూడదు. లేతవన్నీ ఒకచోట గుమిగూడితే అక్కడ రంధ్రం పడ్డట్టు ఉంటుంది. నాలుగు మూలల్లో ముదురు గళ్లు ఉంటే బొంత కుదురుగా కనిపిస్తుంది. కళ్లు సగం మూసి చూసినప్పుడు ఏ గడి ఒక్కటే ముందుకు దూకుతోందో దాన్ని మార్చండి. చాలాసార్లు అది బాగా మెరిసే పసుపో, నారింజో అయి ఉంటుంది. దాన్ని పూర్తిగా తీసేయకుండా ఆరు గళ్లను రెండుకి తగ్గించి, మిగతా చోట్ల ప్లెయిన్ పెట్టి చూడండి. వీలైతే అలాగే ఉంచి మర్నాడు పొద్దున వెలుతురులో మరోసారి చూడండి. కుదిరాక ఫొటో తీసుకుని, ప్రతి వరుస మొదటి గడికి కాగితం టేపు మీద నంబరు రాసి అంటించి, వరుసల వారీగా దొంతర్లు కట్టండి. ఫ్యాను వేయకముందే కట్టేయండి.