సొంత ఎయిర్ పిస్టల్ – మూడవ పాఠం: తక్కువ సొమ్ముతో ఏది కొనాలి, ఎలా ఎంచుకోవాలి

గత రెండు పాఠాలలో రేంజిలో (కాల్పుల సాధన చేసే చోట) పాటించవలసిన భద్రతా నియమాలను, నిలబడే తీరును, సైట్లు (పిస్టల్ పైన గురి చూడటానికి ముందు, వెనుక ఉండే గుర్తులు) కలుపుకొనే పద్ధతిని చూశాము. ఇంతవరకు క్లబ్బు పిస్టల్‌తోనే నేర్చుకున్నారు కనుక, సొంతది కొందామా, కొంటే ఎంతలో కొనాలి అన్న ప్రశ్న ఈపాటికి మీ ఇంట్లో చర్చకు వచ్చే ఉంటుంది. ఈ పాఠమంతా ఆ ప్రశ్నకే కేటాయిస్తున్నాను. మనం మాట్లాడుతున్నది 10 మీటర్ల పోటీలో వాడే ఎయిర్ పిస్టల్ గురించి మాత్రమే. ఇంటి రక్షణకని ఆయుధం వెతుకుతున్నవారికి ఇందులో పనికివచ్చేది ఏమీ లేదు.

ముందుగా చట్టం సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి ఆయుధాల నియమాల ప్రకారం, కాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం) 4.5 మిల్లీమీటర్లకు మించకుండా, గొట్టం మూతి దగ్గర శక్తి 20 జౌళ్ల లోపు ఉన్న ఎయిర్ గన్నుకు లైసెన్సు అక్కరలేదు. అర గ్రాము పెల్లెట్ (చిన్న సీసపు గుండు) సెకనుకు 150 మీటర్ల వేగంతో పోతే ఆ శక్తి ఆరు జౌళ్లకు కూడా చేరదు కాబట్టి పోటీ పిస్టళ్లన్నీ ఈ హద్దు లోపలే ఉంటాయి. అయినా డీలరు మీ గుర్తింపు పత్రం, చిరునామా, ఫొటో అడుగుతాడు. ఇవ్వండి, బిల్లు తీసుకోండి, ఆ బిల్లు నకలును పిస్టల్ పెట్టెలోనే ఉంచండి. బస్సులో, రైలులో తీసుకువెళ్లేటప్పుడు ఎవరైనా ఆపి అడిగితే మీకు అక్కరకు వచ్చేది ఆ కాగితమే. 25 మీటర్ల పోటీలో వాడే, తూటా పేల్చే .22 పిస్టల్ వేరు. దానికి లైసెన్సు తప్పనిసరి, దాని జోలికి ఈ పాఠాలు పోవు.

ఇక అసలు విషయానికి వద్దాం. డబ్బు తక్కువగా ఉన్నప్పుడు దేనికి ఖర్చు పెట్టాలో తెలియాలంటే, పాయింట్లు ఎక్కడ పోతున్నాయో ముందు తెలియాలి. లక్ష్యపు కాగితం మీద పది వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి ఒక్కొక్క వలయం ఎనిమిదేసి మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది, పెల్లెట్ గీతను తాకినా పై అంకెనే లెక్కిస్తారు. ముందు సైటుకు, వెనుక సైటుకు మధ్య దూరం 33 సెంటీమీటర్లు అనుకుందాం. వెనుక గాడిలో ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు ఒరిగిందంటే, 10 మీటర్ల దూరంలో పెల్లెట్ దాదాపు 30 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది, అంటే పది రావలసిన చోట ఏడు వస్తుంది. అదే, సైట్లు రెండూ చక్కగా కలిసి ఉండి చేయి మొత్తం ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే కాగితం మీద కూడా జరిగేది ఒక్క మిల్లీమీటరే. పదికి పది నిలుస్తుంది. చేయి వణుకుతోందని బెంగపడే కొత్తవారికి నేను ఈ లెక్కను ప్రతిసారీ కాగితం మీద వేసి చూపిస్తాను, ఎందుకంటే వారిని దెబ్బతీసేది వణుకు కాదు, మణికట్టు వంకర.

మరి గొట్టం మాట ఏమిటంటే, పోటీకని తయారైన పిస్టల్ ఏదైనా సరే, కదలకుండా బల్లకు బిగించి కాల్చి చూస్తే పెల్లెట్లన్నీ పది వలయం లోపలే ఒక చిల్లులో పడతాయి. అరవై వేల రూపాయల పాత పిస్టల్ గొట్టానికి, రెండు లక్షల కొత్త పిస్టల్ గొట్టానికి మధ్య ఉన్న తేడా మీ స్కోరు కార్డు మీద కనిపించాలంటే మీరు ఇంకా చాలా సంవత్సరాలు సాధన చేయాలి. తేడా తెలిసేది పిడి దగ్గర, ట్రిగ్గర్ దగ్గర. కనుక ఉన్న సొమ్ము ఆ రెండింటి మీద, పెల్లెట్ల మీద పెట్టడమే నా దృష్టిలో సరైన పద్ధతి.

పిడిని చూసే తీరు ఇది. ఖాళీ పిస్టల్‌ను పట్టుకొని, మామూలుగా నిలబడి, కళ్లు మూసుకొని, చేతిని గురి ఎత్తుకు లేపండి. రెండు ఊపిరులు తీసి వదిలాక కళ్లు తెరవండి. ముందు సైటు వెనుక గాడి మధ్యలో, పై అంచులు సమంగా కనిపిస్తే ఆ పిడి మీ చేతికి కుదిరినట్టే. ప్రతిసారీ ముందు సైటు ఎడమకో కుడికో, పైకో కిందికో ఒకే వైపు పోతూ ఉంటే పిడి మీది కాదు, దానిని మీదిగా చేసుకోవలసి ఉంటుంది. పిడులు చిన్నవి, మధ్యరకం, పెద్దవి అని సైజుల్లో వస్తాయి; పదమూడేళ్ల అమ్మాయికి పెద్ద సైజు పిడి ఇచ్చి "ఎదిగే పిల్ల, సరిపోతుందిలే" అనడం బట్టల దుకాణంలో చెల్లుతుంది గాని ఇక్కడ చెల్లదు.

పిడిని సరిచేసుకోవడానికి పెద్ద ఖర్చు కూడా కాదు. మా రేంజిలో చాలామంది పిడుల మీద హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎం-సీల్ ముద్దలు కనిపిస్తాయి. రెండు ముద్దలను రంగు ఒకటయ్యేదాకా కలిపి, అరచేయికి పిడికి మధ్య సందు ఉన్నచోట అద్ది, చేతికి కాస్త కొబ్బరినూనె రాసుకొని గట్టిగా పట్టుకుంటే మీ చేతి అచ్చు అందులో పడుతుంది. గట్టిపడ్డాక ఎక్కువైనచోట గరుకు కాగితంతో రుద్దాలి. బొటనవేలు మొదట్లో ఉండే కండ దగ్గర ముద్ద ఎక్కువైతే పిస్టల్ పక్కకు తోసుకుపోతుంది, కాబట్టి ఒకేసారి అంతా పూయకుండా రోజుకు కొంచెం కొంచెం పెంచుకుంటూ, ప్రతిసారీ కళ్లు మూసి తెరిచే పరీక్ష చేసుకోవాలి. అంతర్జాతీయ నియమాల ప్రకారం పిడి చేతిని చుట్టేయరాదు, మణికట్టుకు ఆనిక కాకూడదు, అరచేతి కింది పలక పైకి వంగరాదు. ఈ మూడింటినీ మరిచి అందంగా శిల్పం చెక్కినవారు పోటీ రోజున సామగ్రి తనిఖీ బల్ల దగ్గర దానిని గీకుతూ కూర్చోవడం చూశాను.

ట్రిగ్గర్‌కు వస్తే, నియమం 500 గ్రాములు. అంతకంటె తేలిక ఉండరాదు. గొట్టాన్ని నిలువుగా నిలిపి, ట్రిగ్గర్‌కు అర కిలో తూకం తగిలించి పైకి ఎత్తితే అది విడుదల కాకుండా నిలవాలి. కిరాణా కొట్టులోని అర కిలో తూకపురాయిని గుడ్డ సంచిలో వేసి, తాడుతో కట్టి ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు, సంచి బరువు నాలుగైదు గ్రాములు అదనంగా కలుస్తుంది గనుక పరీక్ష ఇంకాస్త కఠినమవుతుంది, అదీ మంచిదే. చూడవలసింది బరువు ఒక్కటే కాదు. మొదటి దశ సాఫీగా జరిగి, ఒక చోట గోడకు తగిలినట్టు ఆగి, అక్కడి నుంచి కదలిక తెలియకుండా తెగాలి. బజారులో కొన్ని వేలకు దొరికే స్ప్రింగు పిస్టళ్లలో ఈ రెండు దశలు స్పష్టంగా ఉండవు. బరువు కిలోలలో ఉంటుంది, సవరించే మరలు ఉండవు. వాటితో సాధన మొదలుపెట్టినవారు ట్రిగ్గర్‌ను గుంజడం అలవాటు చేసుకుంటారు, ఆ అలవాటు మాన్పించడానికి పట్టే కాలం కొత్తగా నేర్పడానికి పట్టే కాలం కంటె ఎక్కువ. తక్కువ ధరకు వచ్చిందని కొనే ఆ పిస్టలే అన్నిటికంటె ఖరీదైనదని నా అభిప్రాయం. అసలు పిస్టల్ ఆకారంలో ఉండి ఇనుప గుండ్లు కాల్చే గ్యాస్ బొమ్మల ఊసు ఎత్తనక్కరలేదు.

మరి ఏవి చూడాలి? అందరికంటె తక్కువ సొమ్ము ఉన్నవారు ఇంకో ఆరు నెలలు క్లబ్బు పిస్టల్‌తోనే కాల్చి, పెల్లెట్లు మాత్రం సొంతంగా కొనుక్కోవడం మేలు. ఆ తరువాతి మెట్టు రష్యాలోని ఇజెవ్‌స్క్‌లో తయారైన బైకల్ ఐజెడ్‌హెచ్-46ఎం. దీనికి ముందే గాలి నింపి ఉంచుకొనే సిలిండర్ ఉండదు, ప్రతి గుండుకూ కింది మీటను ఒకసారి లాగి మూస్తే గాలి నిండుతుంది. గొట్టం బ్రహ్మాండంగా ఉంటుంది, ట్రిగ్గర్ సవరించుకోవచ్చు, గాలి నింపించుకోవడానికి ఎవరి దగ్గరికీ పోనక్కరలేదు. పోటీలో 60 గుండ్లు, వాటికి ముందు సరిచూసుకునే గుండ్లు కలిపి ఎనభైసార్లు మీట లాగాలి గనుక చిన్నపిల్లల భుజం మాత్రం అలిసిపోతుంది. పెద్దవారికి నేను దీనిని నిస్సంకోచంగా చెబుతాను. పిల్లలకైతే హామర్లీ ఏపీ20 వంటి తేలిక సిలిండర్ పిస్టల్ నయం. బరువు కిలో లోపే ఉంటుంది.

ఆ పై మెట్టు వాడిన పోటీ పిస్టళ్లు: స్టెయిర్ ఎల్‌పీ10, వాల్తర్ ఎల్‌పీ400, ఫైన్‌వెర్క్‌బావ్ పీ44, మోరినీ 162 వంటివి. కొత్తవి లక్ష దాటి, తరచు రెండు లక్షల దాకా పోతాయి, వాడినవి అందులో సగానికి దొరకడం అరుదేమీ కాదు. వీటిలో ఏది గొప్పదన్న వాదన రేంజిలో టీ తాగేటప్పుడు బాగుంటుంది గాని, కొనేవాడు అడగవలసిన ప్రశ్న వేరు: మన రేంజిలో ఏ రకం ఎక్కువమంది దగ్గర ఉంది, దాని రబ్బరు రింగులు, స్ప్రింగులు ఎవరి దగ్గర దొరుకుతాయి, విప్పి బిగించగలవారు ఊళ్లో ఉన్నారా? ఎంత ఖరీదైన పిస్టల్ అయినా ఒకనాడు మొరాయిస్తుంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మనూ భాకర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో పాడై ఎన్నో నిమిషాలు పోయాయి, ఆమె 575 పాయింట్లతో 12వ స్థానంలో ఆగిపోయింది. ఒలింపిక్ క్రీడాకారిణికి మరమ్మతు చేయడానికి పక్కనే మనిషి ఉంటాడు. మనకు ఆ సౌకర్యం ఉండదు.

వాడిన పిస్టల్ కొనేటప్పుడు మొదట తిప్పి చూడవలసింది సిలిండర్‌ను. దాని మీద తయారైన నెల, సంవత్సరం చెక్కి ఉంటాయి. సాధారణంగా తయారైన నాటి నుంచి పది సంవత్సరాల వరకే తయారీదారులు వాడమంటారు, గడువు లోపల ఉండేలా చూసుకోవలసిన బాధ్యతను నియమాలు క్రీడాకారుడి మీదే పెట్టాయి. ఈ సంగతి నాకు తెలిసిన తీరు చెబుతాను. నా మొదటి పిస్టల్ వాడినదే. పెట్టె కొత్తగా ఉంది, పిడి వార్నిష్ మెరుస్తోంది, గాలి ఒత్తిడి చూపే మీటరు ముల్లు 200 బార్ దగ్గర నిటారుగా నిలిచింది, నేను మారు మాట లేకుండా డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను. నాలుగు నెలల తరువాత ఒక పోటీలో తనిఖీ చేసే పెద్దాయన సిలిండర్‌ను వేళ్ల మధ్య ఒక్కసారి తిప్పి, కళ్లజోడు పైకి జరిపి, "ఇది పన్నెండేళ్లదయ్యా" అని పక్కన పెట్టేశాడు. రెండో సిలిండర్ పదకొండేళ్లది. కొత్త సిలిండర్ విదేశం నుంచి రావడానికి నెలలు పట్టింది, పిస్టల్ ధరలో దాదాపు నాలుగో వంతు దానికే అయింది. అమ్మినాయన మోసగాడని అనను, ఆయనా ఎప్పుడూ దానిని తిప్పి చూసి ఉండడు.

తేదీ సరిపోయాక గాలి కారుతుందేమో చూడాలి. 200 బార్ నింపి, మీటరు ముల్లును ఫొటో తీసి, రాత్రంతా వదిలి, తెల్లవారి మళ్లీ చూడండి; అమ్మేవారు ఒక రాత్రి ఆగడానికి ఒప్పుకోకపోతే ఆ బేరం వదులుకోండి. నిండు సిలిండర్‌తో కనీసం వంద గుండ్లైనా ఒకే జోరుతో పోవాలి. గొట్టం మూతి దగ్గర దెబ్బ తగిలిన గుర్తు ఉందా, వెనుక సైటు మరలు రెండు వైపులా టక్కుటక్కున తిరుగుతున్నాయా చూడండి. పిస్టల్ మొత్తం 420, 200, 50 మిల్లీమీటర్ల కొలతల పెట్టెలో పట్టాలి, బరువు 1,500 గ్రాములు మించరాదు. పోటీ పిస్టళ్లకు ఇది మామూలే, కాని మునుపటి యజమాని పిడిని పెంచి ఉంటే వెడల్పు 50 దాటిపోతుంది.

ఇక చాలామంది లెక్క వేయనిది పెల్లెట్ల ఖర్చు. వారానికి మూడు రోజులు, రోజుకు 60 గుండ్లు అంటే వారానికి 180, ఏడాదికి 9,360. డబ్బాకు 500 చొప్పున ఇంచుమించు 19 డబ్బాలు. మీ దుకాణంలో డబ్బా ధర అడిగి దానిని 19తో హెచ్చవేసి, ఆ మొత్తాన్ని పిస్టల్ కొనకముందే పక్కన పెట్టండి. ఆ సొమ్ము మిగలకపోతే పిస్టల్ ధర తగ్గించుకోవాలి గాని సాధన తగ్గించుకోకూడదు. సాధనకు మామూలు చదును తల పెల్లెట్లు చాలు. ఆర్10, ఫినాలే మ్యాచ్ వంటి మేలురకం పెల్లెట్లు పోటీకి ఒక డబ్బా దాచుకోండి. అవన్నీ సీసంతో చేసినవి, కనుక టిఫిన్ డబ్బా విప్పే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఈ వారం అభ్యాసం: రేంజిలో కనీసం ముగ్గురిని అడిగి, వారి ఖాళీ పిస్టళ్లతో, గొట్టం లక్ష్యం వైపే ఉంచి, కళ్లు మూసి తెరిచే పరీక్ష ఒక్కొక్కదానితో పదేసిసార్లు చేయండి. ముందు సైటు ఏ వైపు పోయిందో ప్రతిసారీ నోటు పుస్తకంలో బాణం గుర్తుతో వేసుకోండి. ఆ సిలిండర్ల మీది తేదీలు కూడా పక్కనే రాసుకోండి. యజమానులకు చెబితే వారిలో ఒకరైనా మీకు టీ ఇప్పించవచ్చు. నాలుగవ పాఠంలో ట్రిగ్గర్ నొక్కే పద్ధతి మొదలుపెడదాం. దానికి ఆ నోటు పుస్తకం వెంట తెచ్చుకోండి.