జ్ఞానదంతం తీయించుకునే ముందు దాని వేర్ల సంగతి కనుక్కోండి

"మా వాడికి పది నిమిషాల్లో తీసేశారు" అని ఒకరంటారు. "గంట పైనే పట్టింది, మూడు రోజులు నోరు తెరవలేకపోయాను" అని ఇంకొకరంటారు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు, కానీ రెండూ మీకు పనికిరావు. చిగురు కింద, దవడ ఎముకలో ఉన్న వేర్లు ఒకరికి ఉన్నట్టు మరొకరికి ఉండవు. ఒకే మనిషికి కుడి పక్కన ఒకలా, ఎడమ పక్కన ఇంకోలా ఉంటాయి.

కింది జ్ఞానదంతానికి మామూలుగా రెండు వేర్లు, పైదానికి మూడు. అవన్నీ ఒకటిగా కలిసిపోయి కిందికి సన్నబడితే పని సులువు, కాస్త కదిలిస్తే వచ్చేస్తుంది. ఎడంగా విడిపోయి ఉంటే మాత్రం ఆ వెడల్పు పైన ఉన్న దారిలో పట్టదు. అప్పుడు పన్నును డ్రిల్లుతో ముక్కలు చేసి ఒక్కో వేరును విడిగా తీస్తారు. కొన దగ్గర ఉబ్బిన వేరుకి చుట్టూ ఎముక కొంచెం చెక్కాల్సి వస్తుంది. సన్నగా, వంకరగా ఉన్న కొన విరిగి లోపలే ఉండిపోవచ్చు. ఇన్ఫెక్షన్ లేని చిన్న ముక్క నరానికి దగ్గరగా ఉంటే డాక్టర్లు ఒక్కోసారి కావాలనే వదిలేస్తారు. వదిలితే ఆ మాట మీకు చెప్పాలి, మీ కాగితాల్లో రాయాలి.

వంపు ఉందా లేదా అన్నదాని కంటే ఎటు ఉందన్నది ముఖ్యం. ముందు పన్ను మీదికి ఒరిగిన కింది జ్ఞానదంతాన్ని పైకి, వెనక్కి తిప్పుతూ తీస్తారు. వేర్లు కూడా వెనక్కే వంగి ఉంటే ఆ దారిలోనే వచ్చేస్తాయి. ముందుకి వంగి ఉంటే ప్రతి కదలికకీ అడ్డం పడతాయి. "ముక్కలు చేసి తీస్తాం" అన్నారని టెన్షన్ పడకండి. బలవంతంగా లాగి ఎముక విరగ్గొట్టడం కంటే అదే మంచిది.

వయసు సంగతి కూడా చూడాలి. వేరు మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల వరకు పెరిగిన దశలో తీయడం తేలిక. అసలు వేరే రాని పన్ను గుంతలో గోళీలా గిర్రున తిరిగి పట్టు దొరకనివ్వదు. ముప్పై దాటాక ఎముక గట్టిపడుతుంది, వేరు చుట్టూ ఉండే సన్నని సందు తగ్గుతుంది. అలాగని ఏ ఇబ్బందీ పెట్టని పన్నును వయసు మించిపోతోందని హడావిడిగా పీకించుకోనక్కర్లేదు.

దవడ మొత్తం కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీశాక డాక్టరు పక్కన కూర్చుని చూపించమనండి. కింది దవడలో రెండు సన్నని తెల్లగీతల మధ్య నల్లటి దారి ఒకటి పోతుంటుంది. కింది పెదవికి, గడ్డానికి స్పర్శ ఇచ్చే నరం అందులోనే ఉంటుంది. వేరు దాని మీదుగా వచ్చిన చోట తెల్లగీత తెగినా, వేరు నల్లబడినట్టు కనిపించినా, ఆ దారి పక్కకి మళ్లినా నరం వేరుకి ఆనుకుని ఉందేమోనని అనుమానించాలి. ఎక్స్‌రేలో ముందు వెనకలు తెలియవు కాబట్టి అప్పుడు దవడను అన్ని వైపుల నుంచీ త్రీడీలో చూపించే సీబీసీటీ స్కాన్ అడగడంలో తప్పులేదు. నరం మరీ దగ్గరగా ఉంటే పై భాగం మాత్రం కోసి, వేర్లను ఎముకలోనే ఉంచే పద్ధతి కూడా ఉంది. పన్ను పుచ్చి లోపలిదాకా ఇన్ఫెక్షన్ పాకితే మాత్రం అది కుదరదు. పై జ్ఞానదంతానికి ఈ నరం బెడద లేదు. కానీ వేర్లు సైనస్‌కి, అంటే పై దవడ ఎముకలో ముక్కు పక్కన ఉండే గాలి గదికి, దగ్గరగా ఉన్నాయేమో కనుక్కోండి. సైనస్ తెరుచుకుంటే కొన్నాళ్లు ముక్కు గట్టిగా చీదకూడదు.

రక్తం పల్చబడే మందులు, ఎముకల బలానికి వాడే మందులు, షుగర్, అలర్జీలు అన్నీ ముందే చెప్పండి. ఏ మందూ సొంతంగా ఆపకండి. నోరు తెరుచుకోనంత వాపు ఉంటే ముందు అది తగ్గనివ్వాలి. మామూలు మత్తు ఇంజెక్షనే అయితే ఏదైనా తిని వెళ్లండి. నిద్రమత్తు ఇస్తామంటే ఎన్ని గంటల ముందు నుంచి తినకూడదో అడగండి, ఇంటికి తీసుకెళ్లే మనిషిని వెంట ఉంచుకోండి.

తీశాక మొదటి 24 గంటలు పుక్కిలించడం, ఉమ్మడం, స్ట్రాతో తాగడం వద్దు. పొగ ఇంకొన్ని రోజులు అసలే వద్దు. గుంతలో గడ్డకట్టిన రక్తం ఊడిపోతే ఎముక బయటపడి డ్రై సాకెట్ అవుతుంది. వాపు రెండు మూడు రోజుల దాకా పెరిగి ఆ తర్వాత తగ్గుతుంది, దానికి కంగారు అక్కర్లేదు. అయితే తగ్గుతున్న నొప్పి మూడో రోజు ప్రాంతంలో చెవిదాకా లాగుతూ తిరగబెట్టినా, మర్నాటికి కూడా పెదవో నాలుకో మొద్దుబారి ఉన్నా ఆ రోజే డాక్టరుకి ఫోన్ చేయండి. మింగడానికో ఊపిరికో కష్టమైతే మాత్రం ఫోన్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.