పసిబాబుకు వృషణాలు దిగాయో లేదో చూసుకోవడం ఎలా?

గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించిన వెంటనే, అరచేతులు రుద్దుకొని వెచ్చబరచుకొని, ఒక చేతి వేళ్లతో గజ్జ నుంచి కిందికి మెల్లగా నిమురుతూ, రెండో చేతితో వృషణాల సంచిని తడిమి చూడాలి. వృషణం సంచిలోకి దిగి ఉంటే పెద్ద పల్లిగింజంత ఉండ తగులుతుంది. చలికి పైకి పోయి మళ్లీ దిగే వృషణానికి సాధారణంగా ఆపరేషన్ అక్కరలేదు, ఏటా డాక్టరుకు చూపిస్తే చాలు.

నెలలు నిండి పుట్టిన మగబిడ్డల్లో సుమారు 3 శాతం మందికి ఒకటి గానీ రెండూ గానీ దిగి ఉండవు. చాలామందికి 6 నెలలలోపు వాటంతటవే దిగుతాయి. ఆ తర్వాత కూడా "పెద్దయితే దిగుతుందిలే బిడ్డా" అని మన ఊళ్లలో అమ్మమ్మలు ధైర్యం చెబుతారు. అది ప్రేమతో అన్న మాటే అయినా, దయచేసి దాన్ని నమ్ముకొని ఆగవద్దు. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో పిల్లల డాక్టరుకు చూపించి, ఆయన పంపితే హైదరాబాద్ నిలోఫర్ పిల్లల ఆసుపత్రికి వెళ్లండి. 6 నుంచి 18 నెలల మధ్య ఆపరేషన్ జరిగితే సంతాన సామర్థ్యం నిలిచే అవకాశం పెరుగుతుంది, మున్ముందు క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది.

పుట్టినప్పుడే రెండూ చేతికి తగలకపోతే ఒక్క రోజు కూడా ఆగకుండా చూపించాలి. గజ్జలో ఉన్నట్టుండి వాపు వచ్చి బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే, అర్ధరాత్రయినా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.