నిప్పుల వంట పోటీలు: దేనికి బయలుదేరాలి, దేనిని వదులుకోవాలి

నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో బొగ్గుల మీద చేపనో రొయ్యనో కోడినో కాల్చడంలో చెయ్యి తిరిగినవారికి కొదవ లేదు. ఇంట్లోనూ స్నేహితుల విందులలోనూ మెప్పు పొందిన తరువాత వారిలో కొందరికి పోటీలకు వెళ్ళాలన్న కోరిక పుట్టడం సహజం. హోటళ్ళు, మాల్స్, హోటల్ మేనేజ్‌మెంట్ కళాశాలలు, ఫుడ్ ఫెస్టివల్ నిర్వాహకులు పెట్టే పోటీల ప్రకటనలు ఇప్పుడు వాట్సాప్‌లోనే చేతికి వస్తున్నాయి. వాటిలో పెద్ద అక్షరాలతో కనిపించేవి బహుమతి మొత్తం, ముఖ్య అతిథి పేరు, తేదీ మాత్రమే. వందల కిలోమీటర్లు పోవడానికి ఆ పోటీ తగినదా కాదా అన్నది వాటిని బట్టి తేలదు. అడిగితే తప్ప ఎవరూ పంపని నిబంధనల పత్రాన్ని బట్టి తేలుతుంది. కాబట్టి ప్రవేశ రుసుము కట్టడానికి ముందే ఆ పత్రాన్ని తెప్పించుకోవాలి. అటువంటి పత్రమే లేదని నిర్వాహకులు చెబితే, సొంత ఊరిలో జరిగే పోటీకి సరదాగా వెళ్ళవచ్చును గాని, దాని కోసం రాత్రి ప్రయాణం చేయవలసిన పని లేదు.

పత్రంలో మొదట చూడవలసినది మార్కులు వేసే పద్ధతి. మంచి పద్ధతి ఎలా ఉంటుందో తెలియడానికి అమెరికాలో 1985లో ఏర్పడిన కాన్సస్ సిటీ బార్బెక్యూ సొసైటీ నియమాలు చక్కని కొలబద్ద. ఆ సంఘం పోటీలలో ప్రతి జట్టూ తన వంటకాన్ని ఒకే రకమైన మూత డబ్బాలో పెట్టి అప్పగించాలి. డబ్బా మీద జట్టు పేరు గాని గుర్తు గాని ఉండరాదు. అంకె ఒక్కటే ఉంటుంది, ఆ అంకెను కూడా న్యాయనిర్ణేతల బల్లకు చేరకముందే మార్చివేస్తారు. బల్ల దగ్గర ఆరుగురు కూర్చుని, తమలో తాము మాట్లాడుకోకుండా, రూపానికి, రుచికి, మెత్తదనానికి విడివిడిగా 9 నుంచి 2 వరకు మార్కులు వేస్తారు. ఈ మూడింటికీ విలువ సమానం కాదు: రుచికి పడిన మార్కును 2.2972తోను, మెత్తదనానికి పడినదానిని 1.1428తోను, రూపానికి పడినదానిని 0.56తోను గుణిస్తారు. ఆ లెక్కన మొత్తంలో రుచి వాటా 57 శాతం పైచిలుకు, రూపం వాటా 14 శాతం. ఆరుగురిలో అందరికంటె తక్కువ వేసినవారి మార్కులను తీసివేసి, మిగిలిన ఐదుగురివి కలిపితే ఒక మాంసానికి గరిష్ఠంగా 180 వస్తాయి. ఒక్కరికి కారం పడనంత మాత్రాన జట్టు మునిగిపోకుండా ఆ తీసివేత కాపాడుతుంది. మన మసాలాలతో పరాయి ఊరికి వెళ్ళేవారికి ఇంతకు మించిన రక్షణ లేదు.

మన దగ్గర జరిగే పోటీలు ఇంత పకడ్బందీగా ఉండాలనుకోవడం అత్యాశే. అయినా వంటకం ఎవరిదో న్యాయనిర్ణేతలకు తెలియకుండా ఉండటం, మార్కులు కాగితం మీద పడటం కనీస మర్యాద. ఒక నగరంలో జరిగిన పోటీలో నేను చూసిన తీరు వేరు. పొడవాటి బల్ల మీద పళ్ళేలు వరుసగా పెట్టి, ఒక్కొక్కదాని ముందు జట్టు పేరూ స్పాన్సర్ బొమ్మా ఉన్న అట్టముక్కను నిలబెట్టారు. న్యాయనిర్ణేతలు ముగ్గురూ కలిసి, వీడియో తీసే కుర్రవాడు వెనుక రాగా, ఒక కొస నుంచి కబుర్లు చెప్పుకుంటూ నడిచి వచ్చారు. మొదటి పళ్ళెంలో పెద్ద ముక్క తుంచుకొని తిన్నవారు రెండవ కొసకు చేరేసరికి కడుపు నిండిపోయి, చల్లారి బిగుసుకుపోయిన పండుగప్ప ముక్కను వేలితో తాకి చూసి ముందుకు సాగిపోయారు. అక్కడ గెలుపును నిర్ణయించినది వంట కాదు, బల్ల మీద దొరికిన చోటు.

అందువల్ల వంటకాన్ని ఏ వేళకు అప్పగించాలో, ఎంతసేపటిలో రుచి చూస్తారో తప్పక అడగాలి. కాన్సస్ సిటీ పద్ధతిలో పన్నెండు గంటలకు కోడి, పన్నెండున్నరకు పంది పక్కటెముకలు, ఒంటిగంటకు పంది మాంసం, ఒంటిగంటన్నరకు బ్రిస్కెట్ అనబడే గొడ్డు రొమ్ము మాంసం అప్పగించాలి. చెప్పిన వేళకు ఐదు నిమిషాలు ముందు నుంచి ఐదు నిమిషాలు తరువాత వరకే గడువు ఉంటుంది. వేళ ఇంత కచ్చితంగా తెలిస్తే బొగ్గులు ఎప్పుడు రాజేయాలో, ముక్క ఎప్పుడు దించాలో వెనక్కు లెక్కవేసుకోవచ్చు. ‘ముఖ్య అతిథి రాగానే’ అనే జవాబు వస్తే, రొయ్యలు కాల్చేవారు ఆ పోటీని అక్కడితో మరిచిపోవడం మేలు. కోడిని కొంతసేపు వేడిగా నిలబెట్టవచ్చు గాని, నిప్పుల మీద అరనిమిషం ఎక్కువ ఉన్నా రబ్బరులా సాగే వనామీ రొయ్యను ఏ అతిథి కోసమూ ఆపలేము.

తరువాత చూడవలసినది మసాలా పట్టించే విషయం. ముందురోజు రాత్రే అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, పెరుగు పట్టించి, తెల్లవారేదాకా నానబెట్టి డబ్బాతో బయలుదేరడం మనకు అలవాటు. అమెరికా పోటీలలో ఇది చెల్లదు: మాంసాన్ని పచ్చిగా, ఉప్పు కూడా తగలకుండా తీసుకువెళ్ళి, తనిఖీ పూర్తయిన తరువాతే అక్కడ మసాలా పట్టించాలి. అప్పటి వరకు మాంసం 40 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 4 డిగ్రీల సెల్సియస్ మించని చల్లదనంలో ఉండాలి. మన దేశంలోనూ శిక్షణ పొందిన షెఫ్‌లు నడిపే పోటీలలో ఇటువంటి షరతు పెట్టడం ఉంది. షరతు ఉన్నచోట తనిఖీకీ అప్పగింతకూ మధ్య ఎన్ని గంటలు ఇస్తారో చూడాలి. గంటన్నర మాత్రమే ఇస్తే నాటుకోడికి మసాలా పట్టదు. చేపకూ రొయ్యకూ ఆ సమయం చాలు. తన వంటకం ఏ గడువులో నిలుస్తుందో ఎరిగినవారికి సగం పోటీలు ఈ ఒక్క ప్రశ్నతోనే జాబితా నుంచి తొలగిపోతాయి.

ఏ మాంసం వండాలన్నది మనవారికి మరింత సున్నితమైన విషయం. గొడ్డు మాంసమో పంది మాంసమో ముట్టనివారు, ముట్టుకున్నా రుచి చూడనివారు జట్టులో ఉంటే ఆ విభాగాలున్న పోటీకి వెళ్ళి నెగ్గుకురావడం కష్టం, ఎందుకంటే రుచి చూడకుండా ఉప్పు సరిచేయడం ఎవరివల్లా కాదు. మొత్తం మీద విజేత కావాలంటే అన్ని విభాగాలలోనూ వండాలన్న నియమం ఉందా, లేక కోడి, చేప, రొయ్య విభాగాలకు విడిగా బహుమతులు ఉన్నాయా అన్నది చదివి తేల్చుకోవాలి. విడి బహుమతులున్న పోటీయే కోస్తా వారికి అనుకూలం.

ఇక డబ్బు. ఒక ఉదాహరణ తీసుకుందాం. నెల్లూరు నుంచి నలుగురు కారులో హైదరాబాదు వెళ్ళాలంటే, ఒంగోలు మీదుగా అద్దంకి, నార్కెట్‌పల్లి దారిలో రానుపోను సుమారు 900 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్ల చొప్పున 60 లీటర్ల పెట్రోలు, లీటరు 110 రూపాయల లెక్కన 6,600 రూపాయలు. టోల్, రెండు రాత్రులకు గది, భోజనాలు, చేపలు, ఐసు, బొగ్గులు, ప్రవేశ రుసుము కలిపితే మొత్తం 20,000 దాటడానికి ఎంతోసేపు పట్టదు. మొదటి బహుమతి 25,000 రూపాయలని ప్రకటించి, అందులో 30 శాతం పన్ను కింద పట్టుకుంటే చేతికి వచ్చేది 17,500. గెలిచినా నష్టమే. పన్ను పట్టుకుంటారా లేదా, బహుమతి నగదా లేక స్పాన్సర్ దుకాణంలో చెల్లే కూపన్లా అన్నది ముందే అడగడం మర్యాదకు భంగం కాదు. ఖర్చు తిరిగి వస్తుందన్న ఆశతో ఏ పోటీకీ వెళ్ళకూడదు. ఆ ఖర్చును నేర్చుకోవడానికి కట్టే ఫీజుగా భరించగలమా అని చూసుకొని వెళ్ళాలి.

ఇంకొక రకం పోటీ విషయంలో నా అభిప్రాయం కటువుగానే ఉంటుంది. న్యాయనిర్ణేతలకు ఆరు ముక్కలు, సందర్శకులకు రెండు వందల ప్లేట్లు సొంత ఖర్చుతో వండాలని చిన్న అక్షరాలలో రాసి ఉంటే, అది పోటీ కాదు, నిర్వాహకులకు ఉచితంగా చేసిపెట్టే క్యాటరింగ్. అమ్ముకోవడానికి అనుమతించి, అమ్మిన సొమ్ము జట్టుకే వదిలేస్తే అది వేరు సంగతి. అప్పుడు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉండాలో కూడా తేల్చుకోవాలి.

దూరం విషయంలో ఒక తిన్నని పద్ధతి ఉంది. మొదటి ఏడాది తెల్లవారుజామున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరగల చోట్లకే పరిమితం కావాలి. నెల్లూరు నుంచి ఒంగోలు 120, తిరుపతి 135, చెన్నై 175 కిలోమీటర్ల ప్రాంతంలో ఉన్నాయి. ఒంగోలు వారికి విజయవాడ దగ్గర. చెన్నై పోటీకి చేపలను మోసుకుపోవలసిన అవసరం కూడా ఉండదు, కాశిమేడు హార్బరులో వేకువనే కొనుక్కోవచ్చు. హైదరాబాదు, బెంగళూరులకు మాత్రం థర్మకోల్ పెట్టెలో అడుగున ఒక వరస ఐసు, దాని మీద శుభ్రం చేసిన చేపలు, మళ్ళీ ఐసు పేర్చి, కరిగిన నీరు చేపలను నానబెట్టకుండా అడుగున రంధ్రం పెట్టి తీసుకుపోవాలి. రైలులో వెళ్ళేవారు గ్యాస్ సిలిండరు, కిరోసిన్, బొగ్గులు అంటించే ద్రవాలు వెంట తీసుకుపోవడం చట్టరీత్యా నేరమని గుర్తుంచుకోవాలి. కాబట్టి బొగ్గులూ గ్రిల్లూ నిర్వాహకులే ఇచ్చే పోటీకి రైలు, సొంత పొయ్యి తెచ్చుకోమనే పోటీకి వాహనం అని లెక్క పెట్టుకోవాలి. ఇచ్చే బొగ్గులు ఏ రకమో అడగడం మరువకూడదు. మన మెట్ట ప్రాంతాలలో విరివిగా కాల్చే సర్కారు తుమ్మ బొగ్గు గట్టిది, చాలాసేపు నిలుస్తుంది. టెక్సాస్‌లో మాంసం కాల్చడానికి పేరుపడ్డ మెస్కీట్ చెట్టు ఈ సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమే. దానికి అలవాటుపడిన చేతికి కొబ్బరి చిప్పల బొగ్గు ఇస్తే వేడి అంచనా తప్పుతుంది.

తేదీని క్యాలెండరులో మాత్రమే కాక సముద్రం మీద కూడా చూడాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం ఉంటుంది. ఆ రోజులలో వంజరం ధర చుక్కలనంటుతుంది కాబట్టి, చెరువు రొయ్యలూ కొరమేనూ చాలునన్న పోటీలకే వెళ్ళాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు మన జిల్లాలను వదలవు. ఆరుబయట జరిగే పోటీకి పైకప్పు హామీ లేకుండా రుసుము కట్టడం సాహసం. అదీగాక కార్తీక మాసంలో జట్టులో సగం మంది మాంసం ముట్టరు. సంక్రాంతి తరువాత ఫిబ్రవరి చివరి వరకు ఉన్న కాలమే నిప్పుల దగ్గర నిలబడటానికి తగినది.

పిల్లల దగ్గరకు అమెరికా వెళ్ళినప్పుడు అక్కడి పోటీలో చెయ్యి కలపాలనుకునేవారికి మరికొన్ని మాటలు. పేరు పెద్దదని ఆశపడితే దారి తప్పుతాము. టెనెసీ రాష్ట్రంలోని లించ్‌బర్గ్‌లో జరిగే జాక్ డేనియల్స్ పోటీకి ఆహ్వానం ఉండాలి. 1978లో మొదలైన మెంఫిస్ ఇన్ మే పోటీ ప్రధానంగా పందిమాంసానిది. 2013లో మొదలైన స్టేక్ కుకాఫ్ అసోసియేషన్ పోటీలలో నిర్వాహకులే గొడ్డు మాంసపు ముక్కలు ఇస్తారు, జట్టుకు పెద్ద సామగ్రి అక్కరలేదు. అయితే గొడ్డు మాంసం వండనివారికి అందులో మిగిలేవి అనుబంధ విభాగాలే. కాన్సస్ సిటీ సంఘం పోటీలలో గ్యాస్, విద్యుత్తుతో వండరాదు, కట్టెలో బొగ్గులో వాడాలి. అలంకరణకు అనుమతించిన ఆకులలో కొత్తిమీర ఉండటం మనకు కొంత ఊరట. పర్యాటక వీసా మీద వెళ్ళినవారు పారితోషికం లేని ఔత్సాహిక పోటీలలో పాల్గొనవచ్చును గాని, నగదు బహుమతి ఉన్నచోట పేరు నమోదు చేసుకొనే ముందు అక్కడి వలస చట్టాలు తెలిసిన న్యాయవాదిని అడగాలి. లేదా అబ్బాయి జట్టులో బొగ్గుల దగ్గర సాయంగా నిలబడటమే నిశ్చింత.

ఎక్కడి పోటీ అయినా చివరిగా అడగవలసినది మార్కుల పట్టీ గురించి. ఏ న్యాయనిర్ణేత దేనికి ఎంత వేశాడో పోటీ అయిన తరువాత చూపిస్తారా, విజేతల పేర్లు చదివి పంపించివేస్తారా అన్నది నిర్వాహకులు వాట్సాప్‌లో రాసి పంపితే మంచిది. పోటీ వాయిదా పడితే రుసుము తిరిగి ఇస్తారా అన్న మాటను కూడా ఫోన్‌లో విని ఊరుకోక రాయించుకోవాలి. పట్టీ చేతికి ఇచ్చే పోటీలో ఏడవ స్థానం వచ్చినా, రుచికి ఎనిమిదులు పడి మెత్తదనానికి ఆరులు పడ్డాయని తెలిస్తే, మరుసటి ఏడాది ముక్కను ఎంత ముందు దించాలో తేలిపోతుంది, అదే పోటీకి మళ్ళీ వెళ్ళడానికి కారణమూ దొరుకుతుంది. పట్టీ ఇవ్వని పోటీలో మొదటి బహుమతి వచ్చినా, రెండవసారి ప్రయాణానికి అది చాలదు.